గట్టి గీత, తెగిన గీత, చుక్కల గీత

పాపఘ్ని నది కర్ణాటకలో నందికొండల దగ్గర పుడుతుంది. గ్రానైటు నేల మీదుగా ఉత్తరానికి వచ్చి, కడప జిల్లాలో గండి దగ్గర అడ్డం వచ్చిన కొండను కోసుకుని వేంపల్లె వైపు దిగుతుంది. గండి అనగానే మనకు వీరాంజనేయస్వామి గుడి, శ్రావణమాసపు రద్దీ గుర్తొస్తాయి. జియాలజీ చదివే పిల్లలకు గుర్తొచ్చేది ఆ కోత. నదికి రెండు పక్కలా కొండగోడల్లో క్వార్ట్‌జైటు పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. అన్నీ ఒకే వైపు, ఈశాన్యానికి, కొద్దిగా ఒరిగి ఉంటాయి.

ఈ చుట్టుపక్కల ఒక వేసవిలో ఎమ్మెస్సీ విద్యార్థుల మ్యాపింగ్ క్యాంపు జరిగినన్నాళ్ళూ వాళ్ళ వెంట తిరిగాను. తిరిగి వచ్చేటప్పుడు ఒకమ్మాయి గీసిన జియలాజికల్ మ్యాపు జిరాక్స్ అడిగి తెచ్చుకున్నాను. ఇరవై సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు. అప్పటినుంచి అది నా బల్ల మీదే ఉంది. తన పేరు వేయొద్దని ఆ అమ్మాయి అడిగింది కాబట్టి వేయడం లేదు. ఆ పనితనాన్ని మాత్రం పాఠకులకు పరిచయం చేయకుండా ఉండలేను.

మామూలు మ్యాపు నేల మీద ఉన్నవి చెబుతుంది: ఊరు, బాట, చెరువు, గుడి. జియలాజికల్ మ్యాపు ఆ నేల ఏ రాతిదో, ఆ రాయి ఎటు వాలి ఉందో చెబుతుంది. ఎటు, ఎంత వాలి ఉందో తెలిస్తే అది కింద ఎంత లోతున ఎక్కడ ఉంటుందో కూడా చెప్పవచ్చు. అంటే ఇరవై రెండేళ్ళ పిల్ల కొండ మీద నడిచి, పైపైన కనిపించే రాళ్ళను కొలిచి, కంటికి కనపడని రెండు మూడు వందల మీటర్ల లోతును కాగితం మీద పెట్టాలి. బావి తవ్వించేవాడికి, గని తెరిచేవాడికి, ఆనకట్ట కట్టేవాడికి మొదట కావలసింది ఈ కాగితమే.

మండుటెండల్లో క్యాంపు ఎందుకని చాలామంది అడుగుతారు. పరీక్షలయ్యాక దొరికే ఖాళీ అప్పుడే. అయితే ఎండాకాలానికి ఒక గుణం ఉంది. వంకలు ఎండి అడుగు రాయి బయటపడుతుంది. కొండ మీద ఆకు రాలి బండలు కనిపిస్తాయి. పంట కోసేసిన చేలల్లో ఎక్కడైనా నడవొచ్చు. పిల్లలు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, వెలుతురు పడేసరికి కొండ మొదట్లో ఉండేవారు. పదకొండు దాటితే బండ మీద చేయి పెట్టడం కష్టం. అప్పటికి తిరుగుముఖం పట్టేవారు. ఒక్కొక్కరి సంచిలో నాలుగు లీటర్ల నీళ్ళు, సుత్తి, కంపాస్, చేతి లెన్స్, చిన్న సీసాలో పలచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం, గట్టి అట్ట నోటుబుక్కు, చెక్కిన పెన్సిళ్ళు.

పెన్సిల్ దగ్గర కాసేపు ఆగాలి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటు మీద అర మిల్లీమీటరు మందం గీత గీస్తే, నేల మీద ఆ గీత వెడల్పు పాతిక మీటర్లు. అంటే మొద్దు పెన్సిల్‌తో గీసిన గీత ఒక చీనీ తోటను మింగేస్తుంది. అందుకే వీళ్ళు షీటును రెండింతలు పెంచి, 1:25,000 మీద పని చేశారు. ఐదు కిలోమీటర్ల నేల ఇరవై సెంటీమీటర్లయింది. ఆ అమ్మాయి గీతలను భూతద్దంతో చూశాను. ఎక్కడా మందం మారలేదు. ప్రతి అరగంటకూ పెన్సిల్ చెక్కుకునేదని తోటిపిల్లలు చెప్పారు.

మొదటి మూడు రోజులు వాళ్ళకు జీపీఎస్ ఇవ్వలేదు. తామెక్కడ నిలబడ్డారో తామే కనుక్కోవాలి. దూరంగా గుర్తుపట్టగలిగినవి మూడు చూసుకోవాలి: ఒక కొండ కొన, చెరువు కట్ట మలుపు, గుడి శిఖరం. ఒక్కొక్కటీ ఏ దిక్కున ఉందో కంపాస్‌తో చూసి, కాగితం మీద వాటి నుంచి వెనక్కి మూడు గీతలు గీస్తే, అవి కలిసేచోట మనం ఉన్నాం. నిజానికి ఆ మూడూ ఒక్క బిందువులో కలవవు. చిన్న త్రికోణం మిగులుతుంది. మన చేతిలో ఎంత తప్పు ఉందో ఆ త్రికోణం చూపిస్తుంది. మొదటి రోజు వాళ్ళ త్రికోణాలు బఠాణీ గింజంత ఉన్నాయి. మూడో రోజుకి ఆవగింజంత అయ్యాయి. జీపీఎస్ మంచిదే, తర్వాత అందరూ వాడారు. కానీ అది మనం ఎక్కడున్నామో చెబుతుందే గాని, కాలి కింద ఏముందో చెప్పదు. మొదట చేతి లెక్క, తర్వాత యంత్రం అనే ఆ క్రమం సరైనదని నా నమ్మకం.

ఇక కొలత. పొర ఎటు సాగుతోందో అది స్ట్రైక్. దానికి అడ్డంగా ఎటు, ఎంత కిందికి దిగుతోందో అది డిప్. డేవిడ్ బ్రంటన్ అనే గని ఇంజనీరు 1894లో పేటెంట్ తీసుకున్న కంపాస్‌నే ప్రపంచంలో చాలామంది ఇప్పటికీ ఈ పనికి వాడుతున్నారు. అరచేతిలో ఇమిడే పెట్టె, లోపల సూది, నీటిమట్టం, కోణం చూపే ముల్లు. సుత్తిని పది అడుగుల దూరంలో పెట్టి రావాలి, ఫోను కూడా. ఇనుమూ అయస్కాంతమూ దగ్గరుంటే సూది తప్పు చెబుతుంది. బండ ఉపరితలం ఎగుడుదిగుడుగా ఉంటే దాని మీద నోటుబుక్కు అట్ట పరిచి, అట్ట మీద కంపాస్ పెట్టి సగటు వాలు చూడాలి. ఒకచోట ఒక్కసారి కొలిస్తే చాలదు, మూడుసార్లు కొలవాలి. మ్యాపు మీద ఆ కొలత ఒక చిన్న గుర్తుగా మారుతుంది: స్ట్రైక్ దిశలో పొడుగు గీత, దాని నడుమ నుంచి వాలు వైపు పొట్టి గీత, పక్కన అంకె. ఆ అమ్మాయి షీటులో అలాంటి గుర్తులు నలభై మూడు ఉన్నాయి. ఎక్కువ చోట్ల అంకె పన్నెండుకీ పదిహేడుకీ మధ్య ఉంది.

నలభై నాలుగోది కూడా ఒకటి ఉండేది. వేంపల్లె దగ్గర డోలమైటు బండ మీద ఆమె కొలిస్తే డిప్ 80 డిగ్రీలు వచ్చింది. ఆనందంగా రాసుకుంది. వాళ్ళ సారు వెనకే ఉన్నారు.

"ఇది ఎన్ని చోట్ల చూశావమ్మా?"

"ఇక్కడొక్కచోటే సార్."

"సరే. ఆ చెర్ట్ పట్టీ ఎటు పోతోందో చూసి రా."

డోలమైటు వానకు కరిగి ఏనుగు చర్మంలా గరుకుగా తయారవుతుంది. అందులో పట్టీలుగా ఉండే చెర్ట్, అంటే చెకుముకిలాంటి గట్టి రాయి, కరగదు. అందుకని చెర్ట్ పట్టీలు గోరంత ఎత్తున పైకి పొడుచుకుని నిలుస్తాయి. ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని ఒక పట్టీని వేలితో పట్టుకుని పోయింది. అది తాను కొలిచిన నిలువు తలాన్ని అడ్డంగా దాటుకుని, నిదానంగా వాలుతూ పోయింది. అంటే ఆమె కొలిచింది పొర కాదు, రాయి విరిగిన జాయింటు. సారు ఏమీ అనలేదు. ఆమె మ్యాపు మీది గుర్తు చెరిపింది. నోటుబుక్కులో మాత్రం చెరపలేదు. ఆ కొలత మీద ఒక్క గీత కొట్టి, పక్కన "జాయింట్" అని రాసి, కింద కొత్త కొలత రాసింది: స్ట్రైక్ ఎన్ 65 డబ్ల్యూ, అంటే ఉత్తరం నుంచి పడమరకు 65 డిగ్రీలు; డిప్ 15 డిగ్రీలు ఈశాన్యానికి. ఫీల్డ్ నోటుబుక్కులో రబ్బరు వాడకూడదన్నది ఈ విద్యలో గట్టి నియమం. తప్పు కూడా అక్కడ కనపడాలి. ఎందుకంటే ఆ 80 డిగ్రీల జాయింటు రేపు నీళ్ళు ఎటు పారతాయో చెప్పడానికి పనికొస్తుంది.

రాతి పేరు పెట్టడం కూడా కంటిచూపుతో అయ్యే పని కాదు. సున్నపురాయి మీద ఆమ్లం చుక్క వేస్తే వెంటనే పొంగుతుంది. డోలమైటు మీద వేస్తే దాదాపు కదలదు. కత్తితో గీరి ఆ పొడి మీద వేస్తే అప్పుడు నిదానంగా బుడగలొస్తాయి. వేంపల్లె పొరల్లో ఎక్కువ భాగం డోలమైటే. పిల్లలు చుక్క వేయడం, చెవి దగ్గర పెట్టుకుని వినడం, గీరడం, మళ్ళీ వేయడం చూస్తుంటే వైద్యుడు నాడి పట్టుకున్నట్టుంది. ఈ డోలమైటులో బోర్లించిన గిన్నెల్లాంటి వంపులు పొరలు పొరలుగా కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. లోతులేని సముద్రంలో కంటికి కనపడని సూక్ష్మజీవులు పరుచుకుని, బురదను పట్టి ఆపి, పొర మీద పొర పెంచిన కట్టడాలవి. అప్పటికి భూమ్మీద చేప లేదు, చెట్టు లేదు. పులివెందుల దగ్గర తాడిపత్రి పొరల్లోకి చొరబడి గట్టిపడిన డోలరైటు వయసు దాదాపు 189 కోట్ల ఏళ్ళని తేలింది. వేంపల్లె పొరలు ఆ తాడిపత్రి పొరలకు ఇంకా కింద ఉన్నాయి. అంటే ఆ గిన్నెలు అంతకన్నా పాతవి. మ్యాపు గీసేవాళ్ళకు వాటితో ఇంకో ఉపయోగం ఉంది. వంపు ఎప్పుడూ పైకే ఉబ్బుతుంది కాబట్టి, పొరలు తిరగబడ్డాయా లేదా అన్నది ఆ గిన్నె చెప్పేస్తుంది.

ఆ షీటులో నేను ఎక్కువసేపు చూసేది నది దగ్గర గీత వంగిన చోటు. కింది క్వార్ట్‌జైటుకూ పై డోలమైటుకూ మధ్య హద్దు కొండ వెంబడి పడమర నుంచి తూర్పుకు సాగుతూ వచ్చి, నది దగ్గర ఉత్తరానికి మొన తేలి, మళ్ళీ వెనక్కి వచ్చి తూర్పుకు పోతుంది. ఇంగ్లీషు వి అక్షరం లాంటి ఆ మొన నది పారే వైపే చూస్తుంది. మొదట ఆమె అక్కడ తిన్నగా గీసిందట. నది దాటి అవతలి గట్టెక్కి చూస్తే హద్దు అక్కడ లేదు. పొర వాలి ఉంది కదా, ఎంత కిందికి దిగితే అంత ఉత్తరాన తగులుతుంది. నది నూరు మీటర్ల లోతు కోసిన చోట, 15 డిగ్రీల వాలున్న పొర దాదాపు 370 మీటర్లు ఉత్తరానికి జరిగి కనిపిస్తుంది. ఆమె షీటు మీద అది ఒకటిన్నర సెంటీమీటరు. ఈ సూత్రం పాఠ్యపుస్తకంలో ఉంది, ఆమె పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. కానీ ఆ ఒకటిన్నర సెంటీమీటరు కోసం రెండు ఉదయాలు ఇసుకలో నడిచింది. ఇప్పుడు మ్యాపులో ఆ మొన చూస్తే చాలు, పక్కన అంకె లేకపోయినా పొర ఎటు వాలిందో తెలుస్తుంది. నది చేసిన పనీ రాయి చేసిన పనీ ఒక్క గీతలో కలిసి ఉన్నాయి.

అసలు ఆ హద్దు ఎక్కడ గీయాలన్నదే పెద్ద ప్రశ్న. క్వార్ట్‌జైటు ఒక్కసారిగా ఆగిపోయి డోలమైటు మొదలవదు. మధ్యలో పలచని షేలు పొరలు కలగాపులగంగా వస్తాయి. ఎక్కడ గీసినా తప్పు పట్టేవాళ్ళుంటారు. ఆమె ఒక నిర్ణయం తీసుకుంది: కింది నుంచి పైకి నడుస్తుంటే, పొడికి ఆమ్లం పొంగిన మొట్టమొదటి పొర దగ్గర హద్దు. ఆ నిర్ణయాన్ని మ్యాపు అంచున ఒక్క వాక్యంలో రాసిపెట్టింది. ఇరవై కిలోమీటర్ల అవతల ఇంకొకరు ఇదే హద్దు గీయాలనుకుంటే ఆ వాక్యం పట్టుకుని గీయవచ్చు.

ఇంకొక విషయం. ఈ విద్యలో గీతలు మూడు రకాలు. రాయి బయటికి కనిపిస్తూ, హద్దు మీద కాలు పెట్టి నిలబడగలిగిన చోట గట్టి గీత. ఇటు ఒక రాయి, అటు ఒక రాయి కనిపించి, హద్దు ఈ మధ్యలోనే ఎక్కడో ఉండాలని ఊహించిన చోట తెగిన గీత. మట్టి కిందో, చెరువు కిందో పూర్తిగా కప్పబడిపోయిన చోట చుక్కల గీత. ఆ అమ్మాయి షీటులో ఆ పొడుగాటి హద్దులో గట్టి గీత నాలుగు చోట్లే ఉంది. అన్నీ కలిపితే వేలెడంత. మిగతాదంతా తెగిన గీత, చుక్కలు. మొదట చూసినప్పుడు పని సగంలో ఆగిందనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆ వేలెడు గట్టి గీతే ఈ షీటును నమ్మదగినదిగా చేసింది. ఎంత తెలుసో, ఎంత తెలియదో మిల్లీమీటర్లలో చూపించిన కాగితం ఇది. మన వ్యవహారాల్లో ఎన్ని కాగితాలకు ఆ మాట చెప్పగలం?

తెగిన గీతను సంపాదించుకోవడం కూడా తేలిక కాదు. ఊడిపడిన రాయి సాక్ష్యం కాదు. చేను గట్టుకి పేర్చిన రాయి అసలే కాదు, రైతు దాన్ని ఎక్కడినుంచైనా తెచ్చి ఉంటాడు. ఒక అరటి తోట దగ్గర హద్దు పూర్తిగా ఎర్రమట్టి కిందికి పోయింది. చుక్కలు పెట్టేద్దామనుకుంటుండగా తోట రైతు వచ్చాడు. "ఏమ్ పాపా, యురేనియమేనా?" అన్నాడు. తుమ్మలపల్లె గని ఈ వేంపల్లె డోలమైటులోనే ఉంది కాబట్టి ఇక్కడ సుత్తి పట్టినవాళ్ళందరినీ అడిగే మాట అది. ఆ అమ్మాయి కాదని చెప్పి, బోరు ఎన్ని అడుగులు వేశారని అడిగింది. "ముప్పై అడుగుల దాకా ఎర్రమన్నే పాపా, దాని కింద అంతా బూడిద మాదిర పొడి వచ్చె." బోరు పక్కన ఆ పొడి ఇంకా గట్టిపడి కుప్పగా ఉంది. దాని మీద చుక్క వేసింది. పొంగింది. అంటే తోట కింద డోలమైటే. చుక్కలు తెగిన గీత అయ్యాయి. గట్టి గీతే గీయొచ్చు కదా సార్ అని ఆమె సాయంత్రం వాదించింది.

"హద్దు చూశావా?"

"లేదు సార్, కానీ..."

"అయితే తెగిన గీతే."

రాత్రి భోజనాలయ్యాక, బస చేసిన బడి వరండాలో బల్లల చుట్టూ కూర్చుని, పొద్దున పెన్సిల్‌తో గీసినదాని మీద సిరా దిద్దేవాళ్ళు. ఆ రోజు గీసింది ఆ రోజే దిద్దాలి. తెల్లారితే కొండ గుర్తు మారిపోతుంది. తర్వాత రంగులు. రంగు పెన్సిల్‌ను అదమకుండా, ఒకే దిశలో, కింద ఎత్తులు చూపే కాంటూరు గీతలు కనపడేలా పూయాలి. ఆ పైన క్రాస్ సెక్షన్. మ్యాపు మీద ఒక తిన్నని గీత గీసి, అక్కడ భూమిని కత్తితో కోస్తే లోపల ఎలా ఉంటుందో గీయడం అది. చదునైన నేల మీద స్ట్రైక్‌కు అడ్డంగా కిలోమీటరు నడిస్తే, 15 డిగ్రీల వాలుకు పొరల అసలు మందం దాదాపు 260 మీటర్లే. ఆ లెక్క వేసి, ఎత్తును సాగదీయకుండా ఉన్నదున్నట్టు గీయాలి. ఎత్తు పెంచి గీస్తే బొమ్మ అందంగా ఉంటుంది, వాలు అబద్ధమవుతుంది.

ఈ పొరలకు పేర్లు పెట్టి, హద్దులు గీసి, మొదటిసారి సమగ్రంగా వివరించినవాడు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్. ఆయన కడప, కర్నూలు పొరల మీద రాసిన గ్రంథం 1872లో వెలువడింది. విమానం ఫొటో లేదు, ఉపగ్రహం లేదు. ఊరూరూ తిరుగుతూ, ఏ రాయి ఏ ఊరి దగ్గర బాగా కనిపిస్తే ఆ ఊరి పేరు దానికి పెట్టే పద్ధతి. ఫలితంగా రాయలసీమ ఊళ్ళ పేర్లు భూగర్భశాస్త్రంలో నిలిచిపోయాయి. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. మన ఇళ్ళలో పరిచే కడప బండలు ఆ నార్జి సున్నపురాయే. పాపఘ్ని పేరుతో ఒక రాతి సముదాయమే ఉంది. పుస్తకాల్లో గుల్చేరు క్వార్ట్‌జైటు అని చదివి ఆ ఊరెక్కడుందో అని వెతికేవాళ్ళకు చెబుతున్నా, అది పాలకోవాకు పేరుపడ్డ మన గువ్వలచెరువే. ఆ అమ్మాయి షీటు అంచున వివరణ పట్టీలో కింద పాతరాయి, పైన కొత్తరాయి వరసలో ఈ పేర్లే ఉన్నాయి. అడుగున గ్రానైటు, దాని మీద గుల్చేరు, ఆ పైన వేంపల్లె. గ్రానైటుకూ గుల్చేరుకూ మధ్య గీత పక్కన ఆమె చిన్న అక్షరాలతో "గులకరాళ్ళ పొర, రెండు అడుగులు" అని రాసుకుంది. అరిగి చదునైపోయిన పాత భూమి మీద కొత్త సముద్రం మొదట తెచ్చి పరిచిన రాళ్ళవి.

జియాలజీ విభాగాలు నడిపేవారికి ఒక విన్నపం. క్యాంపు రోజులు తగ్గించకండి. నేను చూసినంతలో, మొదటి వారమంతా పిల్లలు తప్పులు కొలవడంలోనే గడిచింది. రెండో వారంలో గాని గీత వాళ్ళ చేతికి రాలేదు.

పాఠకులకు ఒక మాట. ఈసారి గండికి వెళ్తే, దర్శనం అయ్యాక నది ఇసుకలోకి దిగి నిలబడండి. ఎండాకాలమైతే నీళ్ళుండవు. కోసుకుపోయిన కొండగోడ వైపు తిరిగి, ఏదో ఒక పొరను ఎంచుకుని, అది ఎటు దిగుతోందో చేత్తో చూపించండి. మీ చేయి ఉత్తరానికో ఈశాన్యానికో కొద్దిగా వాలుతుంది. ఎంత వాలిందో ఆ అమ్మాయి కొలిచిపెట్టింది. పదిహేను డిగ్రీలు.